పెద్దలు మారినను లెక్క ఆగరాదు
(నీటిపక్షుల గణనమును గూర్చిన పాఠము)

ఏ సంస్థకైనను ఒకనాడు పెద్ద మారుట సహజము. ఊరి పంచాయతీకి అధ్యక్షులు మారుదురు. పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు మారుదురు. ఇంటి పెత్తనము తండ్రినుండి కుమారునకు వచ్చును. క్రొత్తవారు వచ్చినప్పుడు వారి పేరేమి, ఊరేమి, చదువేమి అని అందఱును అడుగుదురు. వారి చేతికి వచ్చినదేమి, వారు కాపాడవలసినదేమి అని అడుగువారు మాత్రము తక్కువ. ఈ పాఠమున మేము ఆ రెండవ ప్రశ్ననే తీసికొనుచున్నాము. అందులకు ఉదాహరణముగా, ప్రపంచమందలి నీటిపక్షులను ఏటేట లెక్కించు ఒక సంస్థను ఎన్నుకొన్నాము.

ఆ సంస్థకును మన వత్రాప్‌నకును సంబంధమేమని విద్యార్థులకు తోచవచ్చును. సంబంధము గలదు. పడమటి కనుమలనుండి దిగివచ్చిన నీటితో మన చెఱువులు నిండినప్పుడు, వానిపై వ్రాలు ప్రతి పక్షియు ఆ సంస్థ లెక్కలో చేరదగినదే. ఆ లెక్కను వ్రాయవలసినవారు ఎక్కడనో లేరు, ఆ గట్టుపై నడచు మనమే.

1. ఆ సంస్థ ఏది? దాని పెద్దలెవరు?

దాని పేరు వెట్లాండ్స్ ఇంటర్నేషనల్. వెట్లాండ్స్ అనగా చిత్తడి నేలలు. చెఱువులు, సరస్సులు, మడుగులు, నదీముఖములు, ఉప్పుటేరులు, వరిపొలములు అన్నియు ఈ మాటలో ఇముడును. సంస్థ ప్రధాన కార్యాలయము నెదర్లాండ్స్ దేశమున గలదు. 2004 నుండి దానిని నడపిన జేన్ మాడ్‌గ్విక్ అను విదుషి, దాదాపు రెండు దశాబ్దముల సేవానంతరము 2023లో పదవినుండి తప్పుకొనిరి. ఆమె స్థానమున కూన్‌రాడ్ క్రైగర్ ప్రధాన కార్యనిర్వాహకులుగా పగ్గములు చేపట్టిరి.

పగ్గములు చేతులు మారుట ఆ సంస్థకు క్రొత్త కాదు. దాని మూలము 1937లో గలదు. నీటిబాతులు తగ్గిపోవుచున్నవను కలతతో ఆ యేట బ్రిటనునందు ఒక విచారణ సంఘము ఏర్పడినది. 1954లో అది అంతర్జాతీయ పరిశోధన సంస్థగా రూపొందినది. 1960 తరువాతి సంవత్సరములలో స్విట్జర్లాండ్ దేశీయుడైన లూక్ హాఫ్‌మన్ దానికి పెద్దయ్యెను. ఫ్రాన్సు దక్షిణ తీరమున కమార్గ్ అను విశాలమైన చిత్తడి ప్రదేశము గలదు. అచ్చట 1954లో ఒక పరిశోధన కేంద్రమును నెలకొల్పినవాడు ఆయనయే. ఆయన కాలమున, 1967లో, అంతర్జాతీయ నీటిపక్షుల గణనము మొదలైనది.

హాఫ్‌మన్ తరువాత జెఫ్రీ మాథ్యూస్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1969 నుండి 1988 వఱకు ఆ స్థానమున నుండెను. పక్షులు తమ దారిని ఎట్లు తెలిసికొనునను విషయమును పరిశోధించిన పండితుడాయన. 1971 ఫిబ్రవరి 2వ తేదీన ఇరాను దేశమున కాస్పియన్ సముద్రపు ఒడ్డునగల రామ్‌సర్ పట్టణమున, చిత్తడి నేలలను కాపాడుటకై దేశముల నడుమ ఒక ఒడంబడిక కుదిరినది. అందులకు పాటుపడినవారిలో ఈ యిద్దఱును ముఖ్యులు. భారతదేశము 1982లో ఆ ఒడంబడికలో చేరినది. 1995లో ఆసియాకును అమెరికా ఖండములకును చెందిన రెండు సోదర సంస్థలు దీనితో కలిసిపోగా, నేటి పేరు వచ్చినది.

విద్యార్థులు ఇచ్చట గమనింపవలసినదొకటి గలదు. సంస్థ పేరు మారినది. కార్యస్థానము మారినది. పెద్దలు మారిరి. 1967లో మొదలైన లెక్క మాత్రము మారలేదు. వచ్చిన ప్రతివారును "మునుపటివారి లెక్క పాతబడినది, నా లెక్క నేడు మొదలు" అని మొదటి పుటనుండి వ్రాసియుండినచో, ఈనాడు ఆ సంస్థవద్ద అర్ధశతాబ్దమునకు మించిన లెక్క యుండెడిది కాదు. ఒక్కొక్కరి పాలనాకాలమంత పొడవుగల తునుకలు మాత్రమే మిగిలియుండెడివి. 2023లో పగ్గములు అందుకొన్నవారికి దక్కిన ఆస్తి ఇదియే. నూఱు దేశములకు పైగా వ్యాపించిన లెక్కలవి. వానిని సమకూర్చినవారిలో పెక్కుమంది జీతము పుచ్చుకొనక, తమ ఊరి చెఱువుగట్టున నిలిచి లెక్కించినవారే.

2. జనవరి నెలలోనే ఎందులకు?

నీటిపక్షులలో అనేకము ఉత్తర దేశములయందు వేసవిలో గ్రుడ్లు పెట్టి, అచ్చట మంచు పడునంతలో దక్షిణమునకు వలస వచ్చును. శరత్కాలమున అవి ప్రయాణమునందుండును. వసంతమున మరల ప్రయాణమునకు సిద్ధమగును. నట్టనడుమనున్న జనవరిలో అవి చేరిన చోటనే నిలుకడగా నుండును. కావున ఒకే పక్షిని రెండుచోట్ల లెక్కించు పొరపాటు అప్పుడు తక్కువ. మన ప్రాంతమునకు ఇంకొక అనుకూలము గలదు. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వీచు ఈశాన్య ఋతుపవనమువలన మన చెఱువులు నిండును. జనవరినాటికి నీరును, చేపలును, పైరును సమృద్ధిగా నుండును. చెఱువులో ఏమి యున్నదో ఏమి లేదో తెలియుటకు అంతకంటె మంచి సమయము లేదు.

మన ఉపఖండమున ఈ గణనము 1987లో ఆరంభమై, పిదప ఆసియాయందలి ఇతర దేశములకును వ్యాపించినది. మన దేశమున బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ దీనికి తోడ్పడుచున్నది. 1883లో స్థాపితమైన ఆ సంఘమునకు కీర్తి తెచ్చినవారిలో ప్రథమగణ్యుడు సలీం అలీ. ఆయన 1931, 1932 సంవత్సరములలో నాటి నిజాము రాజ్యమందలి పక్షులను పరిశీలించుచు, తెలుగునేలపై నల్లమల అడవులలోను సంచరించెను. 1959లో ఆయన నాయకత్వమున వలసపక్షుల కాళ్లకు సంఖ్యలుగల లోహపు కడియములు తొడిగి వాని మార్గమును తెలిసికొను పని పెద్దయెత్తున మొదలైనది. 1987 జూన్ 20వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆసియా గణనము మొదలైనది ఆ సంవత్సరముననే. అంత గొప్ప పెద్ద పోయినను లెక్క ఆగలేదు. ఆయన తీర్చిదిద్దినవారును, వారు నేర్పినవారును దానిని ముందునకు నడిపిరి.

3. లెక్కవలన కలుగు ఫలమేమి?

ఒక సంవత్సరపు లెక్క స్వల్పమునే చెప్పును. ఒక చెఱువున నిరుడు మున్నూఱు పక్షులుండి, ఈ యేడు నూటయిరువది యున్నవనుకొందము. పక్షులు తగ్గినవని వెంటనే చెప్పరాదు. ఈ యేడు వాన తక్కువ కావచ్చును, ప్రక్క చెఱువు ముందుగా నిండియుండవచ్చును. పది సంవత్సరములు ఒకే చోట ఒకే విధముగా లెక్కించినప్పుడే నిజము తేటపడును. అందువలననే లెక్కకు ప్రాణము దాని కొనసాగింపునందున్నదని మేమనుచున్నాము.

ఈ లెక్కలే చట్టమునకు ఆధారములగును. రామ్‌సర్ ఒడంబడిక ప్రకారము, ఒక చిత్తడి నేల క్రమము తప్పక 20,000 లేక అంతకు మించిన నీటిపక్షులకు ఆశ్రయమిచ్చినచో, దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యము గలదిగా గుర్తింపవచ్చును. మఱియొక నియమము గలదు. ఒక జాతి పక్షుల సమూహమునందు నూటికొకవంతు ఒక్కచోట చేరినను ఆ చోటు గుర్తింపునకు అర్హమగును. ఉదాహరణమునకు ఒక సమూహమున మొత్తము 50,000 పక్షులున్నవనుకొందము. వానిలో 500 పక్షులు ఒక చెఱువునకు వచ్చినచో ఆ చెఱువు అర్హమైనదే. కాని 50,000 అను మొత్తము తెలియవలెనన్న దేశదేశములవారు లెక్కించియుండవలెను. 500 అను సంఖ్య తెలియవలెనన్న ఆ ఊరివారు లెక్కించియుండవలెను. రెండింటిలో ఏది లోపించినను రెండవది వ్యర్థము.

మనకు దక్షిణమున తిరునెల్వేలి జిల్లాలోని కూందన్‌కుళము ఇట్టి గుర్తింపు పొందిన చోటు. 1994లో అది పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటితమై, తరువాత రామ్‌సర్ జాబితాకెక్కినది. తలపై రెండు నల్లని పట్టెలుగల బాతులు మధ్య ఆసియానుండి హిమాలయములు దాటి అచ్చటికి వచ్చును. ఆ ఊరిలో పక్షులు ఇండ్లప్రక్క చెట్లపైననే గూళ్లు కట్టును. ఊరివారు వానిని తఱుమక ఆదరింతురు.

4. లెక్క లేనిచో ఏమగును?

తెలుగునాటినుండి రెండు ఉదాహరణములు చెప్పుదుము.

మొదటిది కలివికోడి. కడప జిల్లా పొదల అడవులలో రాత్రివేళ తిరుగాడు చిన్న పక్షి ఇది. 1848లో శాస్త్రలోకమునకు దీని పరిచయము కలిగినది. దీనిని కనుగొన్న జెర్డన్ అను వైద్యుని పేరే ఆంగ్లమున దానికి నిలిచినది. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడినట్లు నమోదైన పిమ్మట దానిని గూర్చిన వ్రాత నిలిచిపోయెను. అది నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అను పరిశోధకుడు అచ్చటి వేటగాండ్ర సహాయముతో దానిని మరల కనుగొనెను. నడుమ ఎనుబదియాఱు సంవత్సరములు ఆ పక్షి ఆ పొదలలోనే జీవించుచుండెను. స్థానికులలో దానిని ఎఱిగినవారుండిరి. వారి తెలివి కాగితమునకు ఎక్కలేదు, కాగితముగలవారు వారిని అడుగలేదు. పక్షి నశించుట వేఱు, పక్షిని వ్రాయువాడు లేకపోవుట వేఱు. ఈ రెండింటికిని భేదము తెలియనిచోట కాపాడుట యెట్లు?

రెండవది కొల్లేటి ప్రాంతపు గూడబాతులు. 1946లో కేరళీయుడైన కె. కె. నీలకంఠన్ అను అధ్యాపకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద స్థావరమును గుర్తించి, దానిని వివరముగా వ్రాసెను. 1970 తరువాతి దశాబ్దమున ఆ పక్షులు ఆ ఊరిని విడిచిపోయినవి. ఆయన వ్రాసియుండకపోయినచో అచ్చట ఏమి యుండెనో, ఏమి పోయెనో నేడు చెప్పగలవారెవరు? ఇప్పుడు కొల్లేటి ప్రక్కన ఆటపాక వద్ద గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. వానికొఱకు అచ్చట చేయు ప్రతి ప్రయత్నమునకును పాత వ్రాతలు కొలబద్దగా నున్నవి. ఆ వ్రాసినవాడు ఒక అధ్యాపకుడని తలచినపుడు మా వృత్తివారికి గర్వమును, బాధ్యతయు రెండును కలుగును.

లెక్క వ్రాయువారు ఒకవంక నుండగా, కాచువారు ఇంకొకవంక నుందురు. శివగంగ జిల్లా వేట్టంగుడి పక్షికేంద్రమును ఆనుకొన్న కొళ్లుకుడిపట్టి గ్రామస్థులు, పక్షులు బెదరునని దీపావళికి బాణసంచా కాల్చరు. అనేక దశాబ్దములుగా ఈ నియమము సాగుచున్నది. శివకాశి పటాకులతో పేరొందిన విరుదునగర్ జిల్లావారమైన మనకు ఈ నిగ్రహము విలువ తెలియును. ఆ ఊరిలోను పెద్దలు మారియుందురు, తరములు మారియుండును. తాత చెప్పినది తండ్రి పాటించినందున మనుమనికి అది నియమమైనది.

5. మన చెఱువును లెక్కించు విధము

తమిళనాడు అటవీశాఖవారు ఇటీవలి సంవత్సరములలో రాష్ట్రమంతట ఒకేసారి పక్షిగణనము జరుపుచున్నారు. విద్యార్థులు పెద్దలతో కలిసి అందు పాల్గొనవచ్చును. దానికి ముందు మన ఊరిలో అభ్యాసము చేసికొనుట మేలు. పై తరగతులవారు ఈ క్రింది నియమములను గమనింతురుగాక.

(1) ఒక చెఱువును ఎన్నుకొనుడు. ఏటేట అదే చెఱువును, జనవరి నెల అదే వారమున, ఉదయము అదే వేళకు, గట్టుపై అదే చోటునుండి చూడుడు. చోటు మారినచో లెక్కలను పోల్చుట కుదరదు.

(2) తేదీ, వేళ, ఎండయో మబ్బో, చెఱువున నీరు ఎంత మట్టమునకున్నదో ముందుగా వ్రాయుడు. పక్షి సంఖ్యకు అర్థము చెప్పునవి ఇవియే.

(3) కొద్ది పక్షులున్నచో ఒక్కొక్కటిగా లెక్కించుడు. గుంపు పెద్దదైనచో మొదట పదింటిని లెక్కించి, అవి ఎంత చోటు ఆక్రమించినవో కంటితో పట్టుకొని, గుంపున అట్టి చోట్లు ఎన్ని గలవో చూచి పదితో గుణింపుడు. అంచనా అయినచో "అంచనా" అని వ్రాయుడు.

(4) పేరు తెలియని పక్షికి తోచిన పేరు పెట్టరాదు. "తెలియనిది" అని వ్రాసి, దాని ముక్కు, కాళ్లు, రంగు, పరిమాణము వర్ణింపుడు.

(5) నిరుడున్న పక్షి ఈ యేడు లేనిచో ఆ గడిని ఖాళీగా విడువక సున్న వ్రాయుడు. ఖాళీ గడి "మేము చూడలేదు" అని చెప్పును. సున్న "మేము చూచితిమి, అది లేదు" అని చెప్పును. ఈ రెండును ఒకటి కావు.

(6) పక్షులను తఱుమరాదు, గూళ్ల చెంతకు పోరాదు. లోతు తెలియని చెఱువులోనికి ఎవ్వరును దిగరాదు. తోడు పెద్దవారు లేక పిల్లలు ఒంటరిగా వెళ్లరాదు.

6. పక్షి పేరు ఏ భాషలో వ్రాయవలెను?

ఈ ప్రశ్న మనవంటి రెండు భాషలవారికే కలుగును. మా సమాధానము ఇది: రెండింటను వ్రాయుడు. నీటికాకిని తమిళులు నీర్‌క్కాగమందురు. తీతువును ఆట్కాట్టి యందురు. అనగా మనిషి రాకను చూపి చెప్పునదని అర్థము. మునిగి తేలు బుడుబుంగను ముక్కుళిప్పాన్ అందురు. గూడబాతును కూళైక్కడా యందురు. లకుముకి పిట్టను మీన్‌కొత్తి, చేపను పొడుచునది, అందురు. ప్రతి పేరును ఆ పక్షి నడతనో రూపునో చూచి ఎవరో పెట్టినదే. రెండు పేర్లు తెలిసినవాడు పక్షిని రెండు మాఱులు చూచినవానితో సమానము.

మేము ఆంధ్రదేశమున బోధనాశిక్షణ పొందిన దినములలో గమనించినదొకటి గలదు. అచ్చటి పుస్తకములలోని పక్షిపేరును, ఇచ్చటి మన యిండ్లలోని పేరును అన్నివేళల ఒకటి కావు. అందులో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనరాదు. శతాబ్దముల క్రిందట తరలివచ్చిన మన పూర్వులు తమతో తెచ్చుకొన్న మాటలును, ఈ నేలపై నేర్చిన మాటలును కలిసి మన పలుకైనవి. మీ అవ్వ చెప్పు పేరును మొదట వ్రాయుడు, పుస్తకపు పేరును దాని ప్రక్కన చేర్పుడు.

ఇట్టి పని క్రొత్తది కాదు. పైని చెప్పిన జెర్డన్ 1862 మొదలు ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథమున తెలుగు పేర్లను, తమిళ పేర్లను అడిగి తెలిసికొని చేర్చెను. మన పొరుగున కోవిల్‌పట్టి దగ్గఱి ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్, తమిళమున గొప్ప కథకుడై, ఈ కరిసల్ సీమ మాటలకు ఒక నిఘంటువునే కూర్చెను. ఆయన 2021లో మరణించినను, కూర్చిన మాటలు నిలిచియున్నవి. వ్రాయబడని మాటలు చెప్పువారితోనే పోవును.

7. తలిదండ్రులకు విన్నపము

భాషా అల్పసంఖ్యాకులమైన మనకు లెక్క విలువను వేఱుగా చెప్పనక్కఱలేదు. తరగతిలో పిల్లల సంఖ్యను బట్టియే ఆ తరగతి నిలుచును. జనగణనమున మాతృభాష యేదియను ప్రశ్నకు మనము చెప్పిన మాటయే మన సంఖ్యయగును. ఇంట తెలుగు మాటలాడుచు, అడిగినవారికి వేఱొకటి చెప్పినచో ఉన్నవారమే లేనివారమగుదుము. కలివికోడివలె పొదలో జీవించియు పుస్తకమున నశించినట్లగును. కావున ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయు, చెప్పినదానిని ఏటేట చెప్పుచుండుటయు పక్షుల విషయమున ఎంత అవసరమో మన విషయమునను అంతే అవసరము.

పిల్లలు పక్షిపేరు అడిగినప్పుడు "ఏదో పిట్ట" అనక, తెలిసినంత చెప్పుడు. తెలియనిచో ఇంటి పెద్దలను అడిగి చెప్పుడు. సంవత్సరమున ఒక ఉదయము వారితో చెఱువుగట్టునకు రండు. మీ చిన్ననాట ఆ చెఱువున ఏ పక్షులు వ్రాలెడివో, ఏ నెలలో వచ్చెడివో చెప్పినచో, అదియు ఒక లెక్కయే.

పాఠశాలయందు ఒక గట్టి అట్టల పుస్తకమును ఇందులకై ఉంచవలెనని మా సూచన. తొమ్మిదవ తరగతివారు దానిని వ్రాయుదురు. వేసవి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతివారికి, చివరి పుటపై ఇరుపక్షములవారును చేవ్రాలు చేసి, అప్పగింతురు. వ్రాయు విద్యార్థులు మారుదురు, మేమును ఒకనాడు మారుదుము. పుస్తకము మాత్రము మొదటి పుటనుండి మరల మొదలు కారాదు. నెదర్లాండ్స్ దేశమున ఆ పెద్ద పీఠమెక్కినవారికి ఏ ధర్మము విధింపబడినదో, వత్రాప్‌లో ఈ పుస్తకమును అందుకొను పదునాలుగేండ్ల బాలికకును అదే ధర్మము. ముందువారు వ్రాసినదానిని చెఱుపక చదువుట, తన కాలమున నిజము వ్రాయుట, తరువాతివారికి భద్రముగా అందించుట.

అభ్యాసము

1. 1967 నుండి నేటివఱకు నీటిపక్షుల గణనము నిలిచియుండుటకు కారణమేమి?
2. ఖాళీ గడికిని సున్నకును గల భేదమును మీ సొంత ఉదాహరణముతో వివరింపుడు.
3. ఒక జాతి పక్షుల సమూహమున 80,000 గలవనుకొనుడు. ఒక చెఱువు రామ్‌సర్ నియమము ప్రకారము అర్హము కావలెనన్న అందు క్రమము తప్పక ఎన్ని యుండవలెను?
4. మీ యింటి పెద్దలను అడిగి పది పక్షుల పేర్లను తెలుగునను తమిళమునను వ్రాయుడు. ఆ పేరు ఎందువలన వచ్చినదో తెలిసినచో చేర్పుడు.